పాత పెంకుటింటికి కొత్త గదులు కలపాలంటే: బరువు ఎటు, తడి ఎటు

తాతల నాటి పెంకుటిల్లు. ముందు అరుగులతో వసారా, లోపల ఒక పెద్ద గది, దాని వెనక చిన్న గది, పక్కన వంటిల్లు, పెరటి చివర ఎక్కడో స్నానాల గది. పెద్దవాళ్ళిద్దరే ఉన్నన్నాళ్ళు సరిపోయింది. ఇప్పుడు కొడుకూ కోడలూ పిల్లల్ని తీసుకుని సొంతూరికి వచ్చేస్తున్నారు, వాళ్ళలో ఒకరికి ఇంట్లో కూర్చుని చేసే ఆఫీసు పని, నాన్నమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట పెరట్లోకి వెళ్ళి రావడం ఆవిడ వల్ల కావట్లేదు. ఇలాంటి ఇళ్ళలో చర్చ మొదలవగానే ఎక్కువగా రెండే మాటలు వినిపిస్తాయి. "మొత్తం కూలగొట్టి స్లాబ్ వేద్దాం" అని ఒకటి, "వెనక రెండు గదులు అతికించి పాతదానికి టైల్సూ రంగులూ వేసేద్దాం" అని ఇంకొకటి. మొదటిదానికి చాలామంది దగ్గర డబ్బు చాలదు. చాలినా మంచి కలప, మందపాటి గోడలు, వేసవిలో కాస్త చల్లగా ఉండే గది అన్నీ శిథిలాల్లో కలిసిపోతాయి. రెండోది చవగ్గా కనిపిస్తుంది కానీ, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి పాతా కొత్తా కలిసినచోట నిలువునా పగులు, మూడడుగుల ఎత్తు దాకా గోడకి చెమ్మ, కొత్త గదులు కిటికీలకి అడ్డం రావడంతో పట్టపగలే లైటు వేసుకోవాల్సిన మధ్యగది, ఇవి మిగులుతాయి.

నేను చెప్పదలచింది ఒక్కటే. పాత పెంకుటిల్లు తట్టుకోలేనివి రెండు, బరువు, తడి. ఇప్పుడు కుటుంబానికి కొత్తగా కావలసినవి చూస్తే బాత్రూములు, సింకు ఉన్న వంటిల్లు, వాషింగ్ మెషీన్, నీళ్ళ ట్యాంకు, వీలైతే పైన ఒక గది, అన్నీ ఈ రెండింటితో ముడిపడినవే. వీటన్నిటినీ కొత్తగా కట్టే భాగంలోకి పంపేసి, పాత భాగాన్ని పడుకోవడానికి, కూర్చోవడానికి, పిల్లలు చదువుకోవడానికి పొడి గదులుగా ఉంచుకోవాలి. ఈ నిర్ణయం ముందు తీసుకుంటే తర్వాత వచ్చే ప్రశ్నల్లో సగానికి జవాబులు వాటంతటవే దొరుకుతాయి.

ముందు బరువు సంగతి

మన కోస్తా పల్లెల్లో పాత ఇళ్ళ మీద ఎక్కువగా కనిపించే పెంకు రెండు రకాలు. కుమ్మరి చేసిన గూన పెంకు ఒకటి, మిల్లులో అచ్చు వేసిన మంగుళూరు పెంకు ఒకటి, దీన్నే మనవైపు చాలామంది బెంగళూరు పెంకు అంటారు. బాసెల్ మిషన్‌కి చెందిన జార్జ్ ప్లెబ్స్ట్ 1865లో మంగుళూరులో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ నుంచే ఈ అచ్చు పెంకు మన దేశమంతా పాకింది. ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చుంటుంది కాబట్టి తక్కువ పెంకులతో పని అయిపోతుంది. ఒక్కో పెంకు రెండు నుంచి మూడు కిలోలు ఉంటుంది. వాసాలు, వాటి మీద పెంకు కూర్చునే సన్న బద్దలు (రీపర్లు) కలుపుకున్నా కప్పు బరువు చదరపు అడుగుకి 5, 6 కిలోలకి అటూ ఇటూగా తేలుతుంది. అదే ఐదంగుళాల కాంక్రీటు స్లాబ్ అయితే చదరపు అడుగుకి దాదాపు 30 కిలోలు. 200 చదరపు అడుగుల గది మీద పెంకు కప్పు ఒక టన్నుకి కాస్త అటూ ఇటూ, స్లాబ్ ఆరు టన్నులు. పైన తిరిగే మనుషులు, ట్యాంకులో నీళ్ళు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

ఆ గోడలు ఆ ఒక్క టన్నుని చూసుకుని కట్టినవి. అడుగున్నర మందం ఉంటాయి కాబట్టి చూడ్డానికి కోటగోడల్లా గట్టిగా కనిపిస్తాయి. కానీ మట్టిని తొక్కి వరసలుగా పెట్టిన గోడైనా, మట్టి అడుసుతో పేర్చిన ఇటుక గోడైనా, బరువు పొడవునా సమానంగా పడితేనే మోస్తుంది, ఒక్కచోట పడితే నలిగిపోతుంది. కింద పునాది చాలా ఇళ్ళకి రాళ్ళూ మట్టీ కలిపి రెండడుగుల లోతులో వేసిందే. గోడలన్నిటినీ చుట్టూ కట్టిపడేసే బీమ్ ఉండదు. అందుకే "గోడలు గట్టిగానే ఉన్నాయి కదండీ, పెంకు తీసేసి స్లాబ్ పోసేద్దాం" అని మేస్త్రీ అంటే దయచేసి ఒప్పుకోకండి. అది ప్రాణాల మీదకి తెచ్చే పని.

ఇంకో ఆలోచన కూడా తరచుగా వస్తుంది. పాత ఇంటిని ముట్టుకోకుండా దాని చుట్టూ పిల్లర్లు లేపి పైన ఒక అంతస్తు వేయడం. ప్లాన్‌లో ఇది బాగానే ఉంటుంది, పాత గోడల మీద బరువు పడదు. చిక్కంతా పిల్లర్ల గుంతల దగ్గర. రెండడుగుల పునాది ఉన్న గోడ పక్కనే ఐదారు అడుగుల గుంత తీస్తే, గోడ కింద ఉన్న మట్టికి పక్క నుంచి ఆసరా పోతుంది. ఎండగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, ఒక రాత్రి వాన పడి గుంతలో నీళ్ళు నిలిస్తే గోడ అటువైపు ఒరుగుతుంది. కొత్త గుంత పాత పునాది అడుగు కంటే ఎంత లోతుకి దిగుతుందో కనీసం అంత దూరం జరపాలి, నాలుగడుగులు ఎక్కువ లోతైతే నాలుగడుగులు ఎడం. జాగా లేక దగ్గరగా తవ్వాల్సి వస్తే పొడవునా ఒకేసారి తవ్వకుండా మూడు నాలుగు అడుగుల ముక్కలుగా తవ్వి, ఒక ముక్క కట్టి పూడ్చాకే పక్క ముక్కలోకి వెళ్ళాలి. అదీ ఇంజనీరు దగ్గరుండి చూస్తేనే, వానలు లేని నెలల్లోనే.

ఇదే కారణంతో పాత గోడల్లో కొత్తగా గుమ్మాలు, కిటికీలు పెట్టేటప్పుడు కూడా చేయి కాస్త వెనక్కి తీసుకోవాలి. రెండు గదులు కలిపి పెద్ద హాలు చేద్దామని మధ్యగోడ మొత్తం తీసేసి ఇనుప దూలం పెట్టడం ఇప్పుడు బాగా జరుగుతోంది. ఆ దూలం రెండు చివరలా పడే బరువు మట్టిగోడ మోసేది కాదు. మట్టి కట్టడాలకి భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక ఖాళీ వెడల్పు 1.2 మీటర్లు, అంటే సుమారు నాలుగడుగులు దాటకూడదనీ, గోడ మూల నుంచి కూడా కనీసం అంతే ఎడం ఉండాలనీ చెప్పారు. నాలుగడుగుల గుమ్మం రెండు గదుల్ని కలిపేందుకు చాలు. గోడ కొట్టాకే లింటెల్ (గుమ్మం పైన బరువు మోసే అడ్డ దిమ్మె) సంగతి చూసుకుందాం అనుకోకుండా, కప్పుకి ముందు పోట్లు పెట్టి, లింటెల్ కూర్చోబెట్టి, దాని కింద గోడని ఆ తర్వాత తీయాలి.

తడి ఎటునుంచి వస్తోంది

చాలా ఊళ్ళలో పాత ఇంటికి తడి తెచ్చిపెట్టేది వీధి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేస్తారు కాబట్టి వీధి పైకి లేస్తూ వచ్చింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళే ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్తున్నారు. వాన నీళ్ళు ముంగిట్లోకి వచ్చి గోడ అడుగున నిలబడతాయి. దీనికి మనవాళ్ళు వెంటనే చేసే పని లోపల మట్టి నింపి నేల ఎత్తు చేయడం. అడుగున్నర ఎత్తు పెంచితే ఆరడుగుల గుమ్మం కాస్తా నాలుగున్నర అడుగులవుతుంది, గుమ్మం పైకి జరపాలంటే గోడ తెగ్గొట్టాలి, పైగా నింపిన మట్టిలో ఉన్న తడి గోడలో ఇంకొంచెం పైకి పాకుతుంది. జాకీలు పెట్టి ఇల్లంతా పైకి లేపే పద్ధతి కూడా ఇప్పుడు బాగా వినిపిస్తోంది, హర్యానా నుంచి వచ్చే బృందాలు మన ఊళ్ళలోనూ చేస్తున్నాయి. సిమెంటుతో కట్టిన గట్టి ఇటుక గోడలున్న ఇంటికి అది పనికొస్తుంది. మట్టిగోడల ఇంటికి మాత్రం ఆ ఆలోచన వదిలేయండి, అడుగున కోసి లేపితే గోడ ఒక్కటిగా లేవదు.

పాత ఇంటి నేల అలాగే ఉంచి, నీటినే ఇంటిదాకా రాకుండా ఆపడం మేలు. గేటు దగ్గర చిన్న మిట్ట, దాని లోపల అడ్డంగా జాలీ మూతతో ఒక కాలువ, ఆ నీళ్ళు పోవడానికి ఇంటికి దూరంగా ఒక ఇంకుడు గుంత. గోడల చుట్టూ ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టిని తీసేసి నేల ఇంటి నుంచి బయటికి వాలేలా సర్దాలి. చూరు నుంచి పడే నీళ్ళు నేలకి తగిలి గోడ అడుగుకి చిమ్మకుండా గట్టర్ పెట్టించాలి, లేదా చూరు నీళ్ళు పడేచోట బండలు వాలుగా పరచాలి. ఇవన్నీ చిన్న ఖర్చులు. గోడలకి వేసే ఏ ఖరీదైన పూత కంటే కూడా ఇవే ఎక్కువ పనిచేస్తాయని నా నమ్మకం.

ఇక గోడల సంగతి. పాత ఇళ్ళలో గోడ అడుగున తడిని ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి పాకుతూనే ఉంటుంది, సున్నపు పూత ఉన్నంతకాలం అది ఎప్పటికప్పుడు గాలికి ఆరిపోతూ ఉండేది. ఆ గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించగానే చెమ్మ బయటికి రావడానికి దారి మూసుకుపోతుంది. ఇంకా పైకి పాకుతుంది, లోపల మట్టి మెత్తబడుతుంది, ఉప్పు పొంగి రంగు పొట్టుపొట్టుగా రాలుతుంది, కొన్నాళ్ళకి సిమెంటు పొర పలకలాగా ఊడి మట్టిని కూడా తనతో పట్టుకొస్తుంది. చూడ్డానికి బాగోలేదని నాలుగడుగుల ఎత్తు దాకా టైల్స్ అంటిస్తారు, చెమ్మ ఆ టైల్స్ పైన కనబడుతుంది. చేయాల్సింది దీనికి పూర్తిగా తిరగేసిన పని. ఊడిన సిమెంటుని తీసేయాలి, గోడని ఒక వేసవి ఆరనివ్వాలి, పందికొక్కులు తవ్విన బొరియలు, కొట్టుకుపోయిన అడుగుభాగం మట్టి ఇటుకలతోనో సున్నంతోనో పూడ్చి, మళ్ళీ సున్నం ఇసుక పూతే వేయించాలి. సున్నాన్ని రెండు మూడు వారాలు తొట్టిలో నాననిచ్చి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపి పూత వేసే పద్ధతి మన దక్షిణాదిలో చాలా పాతది. ఇప్పుడు ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, అయినా వెతికితే దొరుకుతారు, పాత గుళ్ళకి మరమ్మతులు చేసేవాళ్ళని అడిగితే తెలుస్తుంది. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ కాకుండా సున్నమే కొట్టాలి.

నేల కూడా అంతే. పాత గచ్చు తీసి విట్రిఫైడ్ టైల్స్ పరిస్తే, కింద నుంచి వచ్చే చెమ్మకి గోడలే దారి అవుతాయి. ఇసుక పరుపు మీద తాండూరు బండలో బేతంచెర్ల బండలో వేసి సందుల్లో సున్నం నింపితే ఆ బాధ తగ్గుతుంది, పిల్లలు కూర్చుని ఆడుకోవడానికి వేసవిలో చల్లగానూ ఉంటుంది.

కొత్త గదులు ఎక్కడ నిలబడాలి

ఇక్కడే నా అభిప్రాయం చాలామంది మేస్త్రీలకి నచ్చదు. పాత గోడకి ఆనించి కొత్త గది కట్టొద్దు. పాత గోడని ఒక గోడగా వాడుకుంటే ఖర్చు కలిసొస్తుందని అందరూ చెబుతారు. ఒక్క గోడ ఖర్చు మిగిలిన మాట నిజమే, కానీ అరవై డెబ్భై ఏళ్ళ కిందట కట్టిన ఇల్లు కింద నేలలో దిగాల్సినంత దిగిపోయి స్థిరపడింది. కొత్త కట్టడం ఇప్పుడు దిగడం మొదలుపెడుతుంది. రెండింటినీ ఇటుకలు పళ్ళుపళ్ళుగా దూర్చి కలిపేస్తే కొత్తది దిగేటప్పుడు పాతదాన్ని లాగుతుంది. నల్లరేగడి నేలలో ఇది మరీ ఎక్కువ. వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో నెర్రెలిచ్చే మట్టి మీద లోతు తక్కువ పునాది ఒకలా కదులుతుంది, లోతుగా వేసిన కొత్త పునాది ఇంకోలా. మధ్యలో పగులు రాకుండా ఏ పుట్టీ ఆపలేదు. నల్లరేగడి అయితే కొత్త భాగానికి నేలలోకి లోతుగా దిగి అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు (అండర్‌రీమ్డ్ పైల్స్) వేయాలా అన్నది మట్టి పరీక్ష చేయించి ఇంజనీరుతో తేల్చుకోండి, ఆ పరీక్షకయ్యే ఖర్చు మొత్తంలో చాలా చిన్నది.

కప్పు విషయంలోనూ అంతే. పెంకు వాలు పెరటివైపు దిగుతుంటే, ఆ చూరు కింద కొత్త గోడ లేపగానే వాన నీళ్ళన్నీ వచ్చి ఆ గోడకి తగులుతాయి. అక్కడ రేకుతో లోయ గట్టర్ పెడతారు, ఆకులు పడి అది నిండుతుంది, నీళ్ళు వెనక్కి తన్ని వాసాల చివర్లు కుళ్ళుతాయి. పెంకుటింట్లో మొదట పాడయ్యే చోటు ఎప్పుడూ వాసాల చివరే.

వీటన్నిటికీ కలిపి ఒకటే జవాబు ఉంది. పాత ఇంటి వెనక ఐదారు అడుగులు ఖాళీ వదిలి, కొత్త భాగాన్ని సొంత పునాది, సొంత గోడలు, సొంత స్లాబ్‌తో విడిగా నిలబెట్టడం. రెండింటినీ నాలుగడుగుల వెడల్పున్న ఒక నడవతో కలపడం, దాని మీద తేలికపాటి కప్పు. మిగతా ఖాళీ ఆకాశం కనిపించే చిన్న మండువాలా ఉంటుంది. పాత గదుల కిటికీలు మూసుకుపోవు, చూరు నీళ్ళు స్వేచ్ఛగా కింద పడి కాలువలోకి పోతాయి, బట్టలు ఆరేసుకోవడానికి, తులసికోటకి చోటు దొరుకుతుంది. గదిలో కిటికీల విస్తీర్ణం నేల విస్తీర్ణంలో పదో వంతుకి తగ్గకూడదని జాతీయ భవన నియమావళి పొడి వేడి ప్రాంతాలకి చెబుతుంది, ఉక్కపోసే తడి వేడి ప్రాంతాలకైతే ఆరో వంతు. మన కోస్తాలో రెండోదే వర్తిస్తుంది. వెనక గది అతికించిన ఇంట్లో మధ్యగదికి ఈ లెక్క ఎప్పటికీ కుదరదు. మండువా ఇళ్ళు కట్టినవాళ్ళకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు, వాళ్ళు వెలుతురునీ గాలినీ ఇంటి నడిమధ్యకే తెచ్చుకున్నారు.

జాగా నిజంగానే లేకపోతే, ఆనించక తప్పకపోతే, కనీసం కొత్త గోడని పాత గోడకి రెండంగుళాల ఎడంతో విడిగా కట్టి, ఆ సందుని ఒకవైపు మాత్రమే బిగించిన రేకుతో మూయండి. రెండూ దేనికది కదులుతాయి.

కొత్త భాగం నేల రోడ్డు కంటే కనీసం రెండడుగులు ఎత్తులో ఉండాలి. అంటే పాత ఇంటి నుంచి కొత్తదాంట్లోకి రెండడుగులు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే ఎక్కాల్సి వస్తుంది. మెట్లైతే నాన్నమ్మకి కష్టం. ర్యాంపు వేయాలంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కావాలి, రెండడుగులకి ఇరవై నాలుగు అడుగులు, అంత పొడవు నడవలో రాదు. అందుకే పొడి గదులు పాత భాగంలో అన్న మాటకి ఒక్క మినహాయింపు పెట్టుకోవాలి. పెద్దవాళ్ళ పడకగది కొత్త భాగంలోనే, బాత్రూముకి ఆనుకుని, ఒకే మట్టంలో, గడప లేకుండా ఉండాలి. బాత్రూము తలుపు కనీసం రెండున్నర అడుగులు, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ, జారని టైల్స్. ఆవిడ అరుగు మీద కూర్చోవడానికి రోజుకోసారి మెట్లు దిగుతారు, రాత్రిపూట మాత్రం దిగక్కర్లేదు. పిల్లలూ మనమూ పాత గదుల్లో పడుకుంటాం.

వాస్తు పట్టింపు ఉన్న ఇళ్ళలో ఒక మాట. నైరుతి పెరగకూడదు, సెప్టిక్ ట్యాంకు ఈశాన్యంలో ఉండకూడదు లాంటివి ఇంటిపెద్దలకి ముఖ్యమైతే, సిద్ధాంతిగారిని ప్లాన్ గీయకముందే పిలవండి. పిల్లర్లు లేచాక వచ్చి మెట్లు తిప్పమన్నా, బాత్రూము జరపమన్నా ఖర్చు రెండింతలవుతుంది, పైగా ఇంట్లో అందరికీ టెన్షన్. వంటిల్లు, రెండు బాత్రూములు, ఉతికే చోటు ఒకే గోడకి అటూ ఇటూ వచ్చేలా చూసుకుంటే పైపులు పొట్టిగా ఉంటాయి, మురుగు పైపుకి నలభై అడుగులకి అడుగు చొప్పున వాలు ఇవ్వడం సులువవుతుంది. బోరు, బావి ఉంటే సెప్టిక్ ట్యాంకుని వీలైనంత దూరం పెట్టండి.

పెంకు ఉంచాలా, తీయాలా

వాసాలు బాగుంటే ఉంచండి. తెలుసుకోవడం కష్టమేం కాదు. పది పెంకులు తీసి, గోడ మీద ఆనే చోట ప్రతి వాసం చివరనీ స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి. లోపలికి దిగిపోతే ఆ వాసం పోయినట్టే. నడుమ బాగుండి చివర మాత్రమే పోతే వడ్రంగి పక్కనే కొత్త ముక్క కలిపి బోల్టులు వేయగలడు. పాత టేకు, ముదురు తాటి వాసాలు ఇప్పుడు కొందామన్నా అంత నాణ్యతలో దొరకవు. చెదలు పట్టిన గుర్తులుంటే, గోడా నేలా కలిసేచోట అడుగుకొక రంధ్రం చొప్పున డ్రిల్ చేసి మందు ఎక్కిస్తారు, నేల పని మొదలుపెట్టకముందే అది అయిపోవాలి.

తుఫాను దారిలో ఉన్న ఊళ్ళలో, ముఖ్యంగా ఉత్తరాంధ్రలో 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్ళకి పెంకు అంటే భయం ఉండటం సహజం. గాలి కప్పుని మధ్యలోంచి లేపదు, చూరు అంచులనీ కొప్పునీ పట్టుకుని లేపుతుంది. అంచు నుంచి రెండు మూడు వరసల పెంకుల్ని జీఐ తీగతో రీపర్లకి కట్టడం, వాసాల్ని గోడ మీది దూలానికి ఇనుప పట్టీలతో బిగించడం, కొప్పు పెంకుల్ని గారతో కూర్చోబెట్టడం, ఈ మూడూ చేయిస్తే చాలా తేడా ఉంటుంది.

కోతుల బెడద ఇంకా కఠినమైన సమస్య. కోతుల వల్లే పెంకు తీసేసి రేకులు వేసుకున్న ఇళ్ళు తెలంగాణలోనూ ఇటూ లెక్కలేనన్ని. రేకుల కింద వేసవి మధ్యాహ్నం కూర్చోలేం, వాన పడితే మాట వినబడదు. పెంకు మీద ఇనుప మెష్ పరిచి వాసాలకి బిగించడం చాలాచోట్ల పనిచేస్తోంది, చూడ్డానికి బాగుండదు, అయినా రేకుల కంటే నాకు అదే నయమనిపిస్తుంది. కొన్ని పెంకులు పగలడం ఎలాగూ తప్పదు కాబట్టి, అదే అచ్చువి వంద పెంకులు పాత ఇళ్ళు కూల్చేచోట కొని పెరట్లో పేర్చి పెట్టుకోండి. వేర్వేరు మిల్లుల పెంకులు ఒకదాని గాడిలో ఒకటి కూర్చోవు, కొనేముందు మీ ఇంటి పెంకు ఒకటి చేత్తో పట్టుకెళ్ళాలి. మిగిలిపోయిన పెంకులు కూడా పనికొస్తాయి. స్లాబ్ అడుగుభాగంలో కాంక్రీటుకి అంత పని ఉండదు కాబట్టి అక్కడ కమ్మీల మధ్య పెంకులు పెట్టి కాంక్రీటు ఆదా చేసే ఫిల్లర్ స్లాబ్ పద్ధతిని లారీ బేకర్ కేరళలో బాగా వాడుకలోకి తెచ్చారు. కొత్త భాగం స్లాబ్‌లో అలా పెట్టించుకోవచ్చు, ఆ పని చేసి చూపించిన మేస్త్రీ దొరికితేనే.

ఏసీ పెట్టాలంటే పెంకు కింద సీలింగ్ తప్పనిసరి, లేకపోతే చల్లదనమంతా సందుల్లోంచి పోతుంది. అలాగని సీలింగ్‌ని పెంకుకి దగ్గరగా అతికించొద్దు. మధ్యలో ఖాళీ ఉండి, రెండు చివరలా జాలీలోంచి గాలి ఆడితేనే వేడి పైనే ఆగి బయటికి పోతుంది. వైర్లు సీలింగ్ పైన ఊరికే పడేయకుండా పైపుల్లో వెళ్ళాలి, ఎలుకలు కొరుకుతాయి. మట్టిగోడల్లో గాడి కొట్టి పైపు పూడ్చడం వద్దు, గోడ పైనే కేసింగ్‌లో తీసుకెళ్ళండి. పాత ఇళ్ళలో చాలావాటికి ఎర్తింగే ఉండదు. కొత్త ఎర్త్ గుంత, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, వీటిలో దేన్నీ తగ్గించుకోకండి.

కాగితాలు, డబ్బు

ఇల్లు తాతగారి పేరునే ఉండి పంపకాలు కాకపోతే, ఒక్క రూపాయి పెట్టకముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ కూర్చోవాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది, అప్పటికే పెళ్ళైనవాళ్ళు దాని కిందికి రాలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది, తండ్రి అప్పటికి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. "మా అక్క ఏమీ అనదులే" అన్న నమ్మకం మీద లక్షలు పోయడం అక్కకీ న్యాయం కాదు, పెట్టినవాళ్ళకీ కాదు. పంపకాల దస్తావేజో, హక్కు విడుదల దస్తావేజో రిజిస్టర్ చేయించుకుంటే ఆ తర్వాత పండక్కి అందరూ అదే ఇంటికి సంతోషంగా వస్తారు.

గ్రామకంఠంలో ఉన్న ఇళ్ళకి చాలావాటికి సరైన హక్కు పత్రాలు లేవు, అందుకే బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి. 2020 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో కొలిచి ఇలాంటి ఇళ్ళకి ఆస్తి కార్డులు ఇవ్వడం ఉంది, మీ ఊరి పని ఎంతవరకు వచ్చిందో పంచాయతీ కార్యదర్శిని అడగండి. తెలంగాణ పురపాలక ప్రాంతాల్లో భవన అనుమతులకి సంబంధించిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. అంతకంటే పెద్ద స్థలమైతే, గదులు పెంచడానికి కూడా అనుమతి తీసుకోవాల్సిందే. అప్పు తీసుకునేటప్పుడు దేనికని రాస్తున్నారో చూసుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి సొంతంగా ఉంటున్న ఇంటి కట్టడానికి తీసుకున్న అప్పు వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది, మరమ్మతులకని తీసుకుంటే 30,000 దాకానే.

మేస్త్రీతో ఒప్పందం రెండుగా రాసుకోవాలి. కొత్త భాగానికి చదరపు అడుగు రేటు సరిపోతుంది. పాత భాగానికి అది పనికిరాదు, పెంకు తీస్తే తప్ప వాసం సంగతి తెలియదు, సిమెంటు ఊడగొడితే తప్ప గోడ సంగతి తెలియదు. అక్కడ రోజుకూలీకి, సామాను మనమే కొనిచ్చి చేయించుకోవడం ఇద్దరికీ మంచిది. పాత భాగానికి అనుకున్న మొత్తం మీద ఐదో వంతు విడిగా పక్కన పెట్టుకోండి.

పని వరస కూడా ముందే రాసుకోవాలి. సంక్రాంతి వెళ్ళగానే గేటు దగ్గర కాలువ, చుట్టూ వాలు, గోడల సిమెంటు ఊడగొట్టడం. మాఘ ఫాల్గుణాల్లో కొత్త భాగం పునాదులు, ఎందుకంటే అప్పుడు గుంతల్లో నీళ్ళు నిలవవు. కప్పు విప్పి వాసాలు మార్చి పెంకు మళ్ళీ నేయించడం మే నెల లోపు అయిపోవాలి, జూన్‌లో నైరుతి వచ్చేస్తుంది, వచ్చేలోపు అకాల వానలూ ఉంటాయి కాబట్టి రెండు పెద్ద టార్పాలిన్లు ఇంట్లో ఉంచుకోవాలి. గోడలకి సున్నపు పూత నెమ్మదిగా, నీడలో ఆరేలా. వానాకాలమంతా కొత్త భాగంలో లోపలి పనులు చేసుకోవచ్చు, కుటుంబం ఈలోపు పాత భాగంలోనే ఉండొచ్చు. పాతా కొత్తా కలిపే నడవ మాత్రం అన్నిటికంటే చివర, కొత్త పునాదులు ఒక వానాకాలం చూశాక వేయండి. అప్పటిదాకా మధ్యలో నాలుగు బండలు పరుచుకుని గొడుగు పట్టుకుని అటూ ఇటూ తిరగడమే.